అలుగు మీద బస్తాలు తీయండి: కొండవార చెరువుల సంఘాలకు బహిరంగ లేఖ

విజయవాడ

మైలవరం వైపు కొండల కింద ఉన్న చిన్న చెరువుల నీటి వినియోగదారుల సంఘాల అధ్యక్షులకు, పాలకవర్గ సభ్యులకు, ఆయకట్టు రైతులకు నమస్కారం.

నేను విజయవాడ సింగ్‌నగర్‌లో కాపురం ఉంటున్నాను. మా నాన్నగారి వాటాగా వచ్చిన రెండెకరాల పల్లపు చేను కొండవార ఒక చెరువు కింద ఉంది. వారానికి రెండుసార్లు బస్సులో వెళ్లి ఆ చేను చూసుకుని వస్తుంటాను. కాబట్టి చెరువు నీటి కోసం ఆకాశం వైపు చూసే రైతుగా మీలో ఒకడిని. మీ చెరువుల అలుగులు, అంటే చెరువు నిండాక మిగులు నీరు పొర్లి పోయే చోట్లు, దాటిన నీరు వాగుల్లో కలిసి ఎటు పోతుందో తెలిసిన నగరవాసిగా దిగువన ఉన్నవారిలోనూ ఒకడిని. ఊరి పేరు, చెరువు పేరు రాయడం లేదు. ఇందులో చెప్పేది ఒక్క చెరువు సంగతి అయితే ఈ లేఖ అవసరం ఉండేది కాదు, నలుగురం కట్ట మీద కూర్చుని తేల్చుకునేవాళ్లం.

నేను అడిగేది ఒక్కటే. వానలు ముదరకముందే మీ చెరువు అలుగు మీద పేర్చిన ఇసుక బస్తాలను, అడ్డంగా కట్టిన చేపల జాలీలను తీసివేయండి, ఈ వానకారు ముగిసేదాకా మళ్లీ పెట్టనివ్వకండి. మిగిలినదంతా ఈ మాట ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికే.

2024 ఆగస్టు 31, శనివారం. ఆ రోజు వాన ఎలా కురిసిందో మీకు నేను చెప్పనక్కరలేదు. మధ్యాహ్నం చేను గట్టు తెగిందని కబురు వస్తే వెళ్లాను, తిరుగు బస్సు లేక ఊళ్లోనే ఉండిపోయాను. రాత్రి పదకొండు దాటాక చెరువు కట్ట మీది నుంచి కేకలు వినిపించాయి. వెళ్లేసరికి ఏడెనిమిది మంది టార్చిలైట్లతో కట్ట బయటి వాలు మీద, తూము నోటికి మూరెడు దూరంలో నిలబడి ఉన్నారు. అక్కడ మణికట్టు లావున నీరు బుసబుసమంటూ ఉబికి వస్తోంది. మాలో పెద్దాయన ఒకరు వంగి ఆ నీటిని దోసిట పట్టి, కదలకుండా కాసేపు ఉంచి, నన్ను టార్చి వేయమన్నారు. నీరు వేళ్ల సందుల్లోంచి జారిపోయాక ఆయన అరచేతి గీతల్లో ఎర్రటి మట్టి సన్నటి పొరలా నిలిచిపోయింది. "ఇది చెరువు నీళ్లు కాదురా, కట్ట కరిగొస్తోంది" అన్నారాయన. ఆ మాట విన్నాక ఎవరూ ఇంకొకరిని ఏమీ అడగలేదు.

కొందరు ఇసుక కోసం పరుగెత్తారు. మిగిలినవాళ్లం అలుగు దగ్గరికి వెళ్లాం. చెరువు నిండా నీరుంది, అలుగు మాత్రం పారవలసినట్టు పారడం లేదు. దాని పొడవునా ముందు ఏడాది పేర్చిన బస్తాల వరస ఉంది, ఆ బస్తాల మీద సరుగుడు బాదులు పాతి కట్టిన నైలాన్ జాలీ ఉంది. ఆ జాలీకి తుమ్మకంప, గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సీసాలు, ఎవరిదో పాత చాప అంటుకుని అదంతా ఒక గోడలా తయారైంది. ముగ్గురు నడుములకు తాడు కట్టుకుని దిగి కొడవళ్లతో జాలీని కోశారు. అది తెగిన క్షణంలో వచ్చిన ప్రవాహం ధాటికి ఒకతను పడిపోతే తాడు పట్టుకుని లాగాం. ఆ తరువాత బస్తాలను ఒక్కొక్కటిగా దొర్లించాం. తెల్లవారేసరికి చెరువు మట్టం జానెడు తగ్గింది, తూము పక్కన ఉబికే నీటి జోరు కూడా తగ్గింది. కట్ట నిలిచింది. అదే వేళకు సింగ్‌నగర్ నుంచి మా ఆవిడ ఫోన్ చేసి నీళ్లు మూడో మెట్టు ఎక్కాయని చెప్పింది. విజయవాడను ముంచిన బుడమేరు వాగు మళ్లింపు కాలువకు మూడు చోట్ల పడిన గండ్ల సంగతి, వాటిని పూడ్చడానికి పట్టిన రోజుల సంగతి అందరికీ తెలుసు, ఇక్కడ అది విస్తరించను. బుడమేరు పుట్టేది ఈ మైలవరం కొండల్లోనే. ఆ రాత్రి మన చిన్న చెరువుల్లో ఒకటో రెండో కూడా తెగి ఉంటే ఆ నీరు ఎవరి గుమ్మాల ముందుకు చేరేదో ఊహించుకోవడానికి నాకు పెద్ద కష్టం లేదు.

మట్టి కట్టకు ఒక స్వభావం ఉంది. ఎంత బలంగా దిమ్మిస వేసి కట్టినా అది తన మీదుగా నీరు పారడాన్ని ఓర్చుకోలేదు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కుల (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు) నీరు పోయింది, పడవలు కొట్టుకొచ్చి గుద్దుకున్నాయి, అయినా అది నిలబడింది. అది కాంక్రీటు కట్టడం, నీటిని పోనివ్వడానికే కట్టినది. మన చెరువు కట్ట మీద బెత్తెడు నీరు పొర్లినా, ఆ నీరు బయటి వాలు మీద దిగుతూ కింది నుంచి మట్టిని కోసుకుంటూ పైకి వస్తుంది. ముందు చిన్న గాడి, తరువాత కాలువ, ఆ తరువాత గండి. అందుకే కట్ట పైభాగానికి, గరిష్ఠ నీటిమట్టానికి మధ్య కొన్ని అడుగుల జాగా వదులుతారు. చెరువు నిండాక వచ్చే నీరంతా అలుగు గుండానే బయటికి పోవాలి, దానికి మరో దారి లేదు. తూము పంటకు నీళ్లిచ్చే గొట్టం మాత్రమే, అది వరదను మోయలేదు.

అలుగు మీద ఒక అడుగు ఎత్తున బస్తాలు పేరిస్తే ఏమంత నష్టమని నన్ను చాలామంది అడిగారు. లెక్క చూడండి. అరవై అడుగుల పొడవున్న అలుగు మీద నీరు రెండడుగుల మందాన పారుతుంటే సుమారు 500 క్యూసెక్కులు బయటికి పోతాయి. చెరువు మట్టం అంతే ఉండి, అలుగు మీద ఒక అడుగు ఎత్తున బస్తాలు ఉంటే వాటిపై నుంచి పారే మందం ఒక అడుగే. మందం సగమైతే ప్రవాహం సగం అవుతుందనుకుంటాం, అలా కాదు. అది దాదాపు మూడో వంతుకు, అంటే 180 క్యూసెక్కుల దరిదాపులకు పడిపోతుంది. పైనుంచి 500 క్యూసెక్కులు వస్తూనే ఉంటే మిగిలిన 320 క్యూసెక్కులూ చెరువులోనే చేరతాయి. నూరెకరాల విస్తీర్ణమున్న చెరువైతే మొదటి గంటలోనే మట్టం సుమారు మూడంగుళాలు పెరుగుతుంది. ఇది జాలీ లేనప్పటి లెక్క. జాలీకి చెత్త పట్టిందంటే ఆ 180 కూడా పోదు.

అయితే బస్తాలు పేర్చేవారిని తప్పుపట్టి ఊరుకోవడం న్యాయం కాదు, నేనూ ఒకప్పుడు ఆ బస్తాలు మోసినవాడినే. నూరెకరాల చెరువులో ఒక అడుగు నీరు అదనంగా నిలిస్తే అది 43,56,000 ఘనపుటడుగులు. వరి పొట్ట మీద ఉన్నప్పుడు మూడంగుళాల చొప్పున రెండు తడులు ఇవ్వగలిగితే, కాలువల్లో ఇంకిపోయేది పోయినా నూరెకరాలకు పైగా గట్టెక్కుతుంది. కార్తీక మాసంలో కాలువ చివరి మడి నెర్రెలిచ్చి, కంకి పాలుపోసుకునే వేళకు నీరందక తాలు తేలిన పంటను కోసిన రైతుకు ఈ లెక్క ఎవరూ నేర్పక్కరలేదు. అందుకే సెప్టెంబరులో అలుగు పారుతుంటే చూస్తూ ఊరుకోలేక నలుగురూ కలిసి బస్తాలు వేస్తారు. ఆ ఆశను నేను కాదనను. దాన్ని తీర్చుకునే చోటు అలుగు మాత్రం కాదంటున్నాను. అదే అడుగు నీరు చెరువు అడుగున పేరుకున్న ఒండ్రు తీసినా దొరుకుతుంది. వేసవిలో ఆ ఒండ్రును చేలకు తోలుకుంటే రెండు విధాల లాభం.

ఒండ్రు తీయడంలోనూ ఒక ప్రమాదం ఉంది, దాని గురించి కాస్త నిష్ఠూరంగానే చెప్పాలి. చెరువులో పూడిక తీస్తున్నామని చెప్పి కట్ట కాలి దగ్గరే జేసీబీ పెట్టి గోతులు తవ్వుతున్నారు. ట్రాక్టరుకు దారి దగ్గర, మట్టి గట్టిగా ఉంటుంది, లేఅవుట్లు మెరక చేయడానికి అదే కావాలి. చెరువు అడుగున తరతరాలుగా పేరుకున్న బంకమట్టి పొర నీటిని కిందికి దిగనివ్వదు. కట్ట దగ్గర ఆ పొరను చీల్చి ఇసుకపాటి నేల బయటపడేదాకా తవ్వితే, చెరువు నిండగానే నీరు ఆ గోతిలోంచి దిగి కట్ట కింద నుంచి దారి చేసుకుంటుంది. మా చెరువు తూము పక్కన పడిన బుంగకు సరిగ్గా ఎదురుగా, లోపలి వైపు, అంతకుముందు వేసవిలో తవ్విన గోయి ఒకటి ఉంది. రెండింటికీ సంబంధం ఉందని నేను రుజువు చేయలేను. ఆ గోతిని మాత్రం ఈ వేసవిలో బంకమట్టితో పూడ్పించుకున్నాం. ఎంత దూరం వదిలి తవ్వాలో ఇంజనీరు చేత నేల మీద సున్నంతో గీత గీయించండి, గీత దాటితే ట్రాక్టరు ఆపండి.

ఇక చేపల పాట, అంటే చెరువులో చేపలు పెంచుకునే హక్కుకు వేసే వేలం. చెరువు పాట ద్వారా ఊరికి నాలుగు డబ్బులు వస్తాయి, దాన్ని వదులుకోమనడం లేదు. పాటదారుది కూడా పెట్టుబడే, అలుగు పారితే చేపపిల్ల కొట్టుకుపోతుందని అతనికి భయం. కానీ పాట షరతుల్లో జాలీ మాట ఎక్కడా లేకపోవడం మన తప్పు. మా ఊళ్లో నాకు తెలిసి ఆ కాగితంలో ఎంత డబ్బు, ఎన్ని కిస్తీలు, గుడికి ఎంత అన్నవి ఉన్నాయి, అలుగు అన్న మాటే లేదు. ఈసారి పాట పెట్టేటప్పుడు ఒక వాక్యం చేర్చండి: అలుగు మీద జాలీ కట్టరాదు, కట్టినట్టు కనబడితే సంఘం తీసివేస్తుంది, నష్టపరిహారం ఉండదు. పిల్లను ఆపుకోవాలంటే అలుగుకు బాగా ముందుగా, నీటి లోపల, చెత్త పట్టినా ప్రవాహానికి అడ్డురాని విధంగా ఏర్పాటు చేసుకోవాలి. దానికి దారి ఇంజనీరును అడిగితే చెబుతారు.

కట్టకు ఊట రావడం గురించి కూడా ఒకటి రెండు మాటలు. మట్టి కట్ట ఏదైనా కొంత చెమ్మ తీస్తుంది, అది సహజం. బయటి వాలు కింద తేటనీరు సన్నగా ఊరుతుంటే గుర్తుగా ఒక కర్ర పాతి రోజూ చూసుకుంటే చాలు. ఆ నీరు మట్టి రంగు తిరిగినా, నిన్నటికంటే జోరు పెరిగినా, అది బుంగ కిందే లెక్క. అప్పుడు కంగారులో చాలామంది బయటి వైపు నుంచి బంకమట్టి ముద్దలు కుక్కుతారు. అలా నోరు మూస్తే లోపలి నీరు మరో చోట దారి చూసుకుంటుంది. బయటి వైపు ముందు ముతక ఇసుక, దాని మీద కంకర పోసి, చుట్టూ బస్తాలతో వలయంలా గట్టు కట్టాలి. నీరు వస్తుంది, మట్టి రాదు. అలుగు మీద పనికిరాని ఆ బస్తాలు పనికివచ్చే చోటు ఇదే. కట్ట మీద ఒక చోట ఖాళీ బస్తాలు, రెండు ట్రాక్టర్ల ఇసుక, కాస్త కంకర, సరుగుడు బాదులు, తాళ్లు ముందే ఉంచితే అర్ధరాత్రి పరుగులు తప్పుతాయి. ఆ రాత్రి మాకు ఇసుక దొరికింది ఒకాయన ఇల్లు కట్టుకుంటూ వీధిలో పోయించుకున్న కుప్పలోంచి. ఆయన ఇప్పటికీ డబ్బు తీసుకోలేదు.

కట్ట మీది సర్కారు తుమ్మ గురించి అందరూ మాట్లాడతారు గనుక క్లుప్తంగా ముగిస్తాను. చిన్న తుప్పలను ఇప్పుడే కొట్టేయండి, కట్ట కనబడకపోతే బుంగ కూడా కనబడదు. మాను కట్టిన చెట్లను మాత్రం వానల ముందు వేళ్లతో పెకలించకండి. వేళ్లు పోయిన బొరియలు నీటికి దారులవుతాయి. అది వేసవి పని, గొయ్యిని పొరలు పొరలుగా దిమ్మిస వేసి పూడ్చవలసిన పని.

ఇవేవీ నేను కొత్తగా కనిపెట్టినవి కావు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు గురించి 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువును రోజుకు వెయ్యి మంది కూలీలతో రెండేళ్లు కట్టించాడని అందులో ఉంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను కూడా ఆ శాసనం చెబుతుంది. దోషాలలో మొట్టమొదటిది కట్ట నుంచి నీరు కారడం. రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండడం కూడా అందులో ఒక దోషమే. రెండు పంచాయతీల మధ్య ఉన్న చెరువు సంగతి ఎవరికీ పట్టదని మనం ఈనాడు అనుకుంటున్నది వాళ్లకు అప్పుడే తెలుసునన్నమాట.

ఆ రోజుల్లో చెరువును చూసుకునేవాడికి దశబంధం ఇనాం అని భూమి ఇచ్చేవారు. మద్రాసు ప్రభుత్వ కాలంలో ఊరివారే కలిసి చేసే పనిని కుడిమరామత్తు అన్నారు. గండి పడే ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు ఊరంతా పనికి రావాలని 1858లో చట్టమే చేశారు. వెట్టితో కూడిన ఆ పాత పద్ధతులు తిరిగి రావాలని నేను కోరుకోవడం లేదు. కానీ ఆ ఏర్పాట్లన్నింటిలో చెరువు బాధ్యత ఎవరిదో ఊరందరికీ తెలిసి ఉండేది. ఇప్పుడు మా చెరువు కట్ట మీద వానాకాలంలో రాత్రిపూట నడవవలసింది ఎవరని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు చెబుతారు, ఆ పేరుగల మనిషిని అడిగితే నాకు ఎవరూ చెప్పలేదంటాడు.

పెద్ద ఆనకట్టల కోసం 2021లో పార్లమెంటు ఆనకట్టల భద్రతా చట్టం చేసింది. అది 15 మీటర్లకు మించిన ఎత్తు గలవాటికి, 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటే పొడవు, నిల్వ వంటి కొన్ని షరతులకు లోబడిన వాటికి వర్తిస్తుంది. మన కట్టలు ఇరవై అడుగులు ఉంటే ఎక్కువ, అంటే ఆరు మీటర్లు. ఆ చట్టం ప్రకారం తనిఖీకి వచ్చేవారెవరూ మన కట్ట మీదికి రారు. పెద్దవాటికే భద్రత కరువైన సంగతీ చూశాం. 2021 నవంబరు 19న కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట చెయ్యేటి వరదలో కొట్టుకుపోయి ఊళ్లకు ఊళ్లు దెబ్బతిన్నాయి. 2024 జులైలో అశ్వారావుపేట దగ్గర పెద్దవాగు కట్ట తెగి నీరు మన ఏలూరు జిల్లా ఊళ్ల మీద పడింది. ఇంజనీర్లు, గేట్లు, సిబ్బంది ఉన్నవాటి సంగతే అది. మనకు మిగిలింది 1997లో వచ్చిన రైతుల నీటిపారుదల వ్యవస్థల యాజమాన్య చట్టం. దాని కింద ఏర్పడినవే మీ సంఘాలు. 2024 డిసెంబరులో ఎన్నికలు జరిగి మీరు పదవుల్లోకి వచ్చారు. నీటి పంపకం ఒక్కటే కాదు, చెరువు నిర్వహణ కూడా ఆ చట్టం మీకు అప్పగించిన పనే.

కాబట్టి కట్ట నడిచే మనిషిని నియమించండి. ఇద్దరైతే మంచిది, ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరుంటారు. వానలున్నన్నాళ్లూ రోజూ రెండుసార్లు, చెరువు నిండాక రాత్రి కూడా, ఈ కొస నుంచి ఆ కొసకు బయటి వాలు అంచున నడవడం వారి పని. ఎకరానికి ఇంత అని ఆయకట్టు రైతులందరం వేసుకుంటే వారి కూలీ పెద్ద భారం కాదు. నా రెండెకరాల వాటా నేను ముందే ఇస్తాను. అలుగు పక్క గోడ మీద అడుగులు, అంగుళాలు రంగుతో రాయించండి. చీకట్లో టార్చి వేస్తే మట్టం ఎంత ఉందో చదవగలగాలి, లేకపోతే ఫోనులో అధికారికి చెప్పడానికి "బాగా ఎక్కువగా ఉంది" అన్న మాట తప్ప ఏమీ ఉండదు. మీ అలుగు నీరు పోయే వాగులో కింద ఇంకో చెరువు ఉంటే ఆ సంఘం అధ్యక్షుడి నంబరు మీ దగ్గర, మీ నంబరు ఆయన దగ్గర ఉండాలి. గొలుసు చెరువుల్లో పైది తెగితే కిందిది నిలవదు.

చిన్ననీటి పారుదల చూసే ఇంజనీర్లు ఈ లేఖ చదివితే వారికి ఒక్క మనవి. అలుగు ఎత్తు అంతే ఎందుకు ఉంచారో, అంతకుమించి ఎందుకు పెంచకూడదో రైతులకు మీరే కట్ట మీదికి వచ్చి చెప్పండి. మేం చెబితే పై మడి రైతు కింది మడి రైతు నీటికి అడ్డుపడుతున్నాడని అనుకుంటారు. ఒక గంట సమయం, ఒక టేపు, ఒక సున్నపు డబ్బా చాలు.

మా చెరువు విషయానికి వస్తే, ఆ రాత్రి దొర్లించిన బస్తాల స్థానంలో మళ్లీ బస్తాలు వచ్చాయి. మొన్న గురువారం వెళ్లినప్పుడు లెక్కపెట్టాను, పదిహేడు ఉన్నాయి. వాటిలో నాలుగు చినిగి ఇసుక కారిపోతోంది, మిగిలిన పదమూడూ గట్టిగానే ఉన్నాయి. పెద్దాయనకు ఫోన్ చేశాను, వస్తానన్నారు. వచ్చే ఆదివారం పొద్దున ఆరున్నరకు పార, కొడవలి తీసుకుని అలుగు దగ్గర ఉంటాను. గట్టి బస్తాలను తూము దగ్గరికి మోయడానికి ఇద్దరు ముగ్గురు మనుషులు కావాలి.

ఇట్లు,
ఒక ఆయకట్టు రైతు,
సింగ్‌నగర్, విజయవాడ